వాట్సాప్ చాట్ ప్రింట్లు మార్క్ చేయనివ్వట్లేదు, ఇప్పుడు ఫోన్ పట్టుకెళ్లి బోనులో నిలబడాలా?

పెన్నాతీరం:

అందరికీ నమస్కారం. సివిల్ కోర్టు అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. మా లాయర్ గారిని అడిగితే "చూద్దాంలెండి, ఇంకా టైముంది" అంటున్నారు. ఆయనకు ఇలాంటివి రోజుకు పది, నాకు జీవితంలో ఇదొక్కటే కేసు.

2023లో నాతో పాటు పనిచేసే ఒకతనికి నాలుగున్నర లక్షలు సర్దాను. 3 లక్షలు బ్యాంకు నుంచి పంపాను, లక్షన్నర చేతికిచ్చాను. కాగితం లేదు, స్టాంపు లేదు, సాక్షి లేడు. (తిట్టాలనుకునేవాళ్లు లైన్లో నిలబడండి, మొదటి నంబరు మా ఆవిడది.) రెండేళ్లు తిప్పించుకున్నాక 2025లో నోటీసు ఇచ్చి దావా వేశాను. జవాబుదావాలో ఏం రాశాడంటే, ఆ 3 లక్షలు నేను అతనికి బాకీ ఉన్న చీటీ డబ్బులట, నేనే తీర్చానట! లక్షన్నర సంగతి అసలు తెలీదట. వాట్సాప్ చాట్ అంతా నేను కూర్చుని తయారు చేసిందట.

నా దగ్గరున్నది ఆ చాటే. "అన్నా ఉగాదికి సర్దేస్తా", "పంట డబ్బులు రానీ అన్నా" లాంటి మెసేజ్‌లు ఓ ముప్పై ఉన్నాయి. ఒక వాయిస్ మెసేజ్ కూడా ఉంది, అందులో తన గొంతుతోనే "నాలుగున్నర గుర్తుందన్నా, నేనెక్కడికీ పోను" అంటాడు. ఇవన్నీ స్క్రీన్‌షాట్లు తీసి, కలర్ ప్రింట్లు వేయించి 22 పేజీలు ఫైల్ చేశాం. మొన్న వాయిదాకి నా చీఫ్ అఫిడవిట్ (నా సాక్ష్యం రాసి ఇచ్చేది) అయ్యాక ఆ ప్రింట్లు మార్క్ చేయబోతే, అంటే సాక్ష్యంగా నంబరు వేయించబోతే, అవతలి లాయర్ లేచి, సెక్షన్ 63 సర్టిఫికెట్ లేదు, మార్క్ చేయడానికి వీల్లేదన్నాడు. జడ్జి గారు మా లాయర్ వైపు చూశారు. మా లాయర్ గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా నా వైపు చూశాడు. వాయిదా పడింది.

ఇంకో తలనొప్పి కూడా ఉంది. ఆ చాట్ నడిచిన ఫోన్ పాతది. డిస్‌ప్లే పోతే ఆఫ్ చేసి బీరువాలో పడేసి కొత్తది కొన్నాను, బ్యాకప్ నుంచి చాట్ మొత్తం కొత్త ఫోన్‌లోకి వచ్చేసింది, స్క్రీన్‌షాట్లు దీంట్లో తీసినవే. దాచడం ఎందుకు, దావా వేసే ముందు మధ్యలో నేనతన్ని బూతులు తిట్టిన మెసేజ్‌లు నాలుగైదు కొత్త ఫోన్‌లో డిలీట్ చేశాను, జడ్జి గారు చదివితే బాగోదని. దానివల్ల ఏమన్నా అవుతుందా? అయినా కళ్లముందు కనిపిస్తున్న మెసేజ్‌కి సర్టిఫికెట్ ఏంటసలు?


నల్లకోటు:

పెన్నాతీరం గారూ, వాయిదా పడింది కానీ కొట్టేయలేదు కదా, దారి ఉంది. నేను 14 ఏళ్లుగా ఇవే కోర్టుల్లో తిరుగుతున్నాను, ఈ సెక్షన్ 63 గొడవ వారానికి రెండుసార్లైనా చూస్తున్నాను.

కళ్లముందు కనిపిస్తున్నదానికి సర్టిఫికెట్ ఏంటని అడిగారు. జడ్జి గారి కళ్లముందున్నది మీరు తెచ్చిన కాగితమే గానీ మెసేజ్ కాదండీ. అసలు మెసేజ్ మీ ఫోన్‌లో ఉంది. ఈ కాగితం మీద ఉన్నది ఫలానా ఫోన్‌లో ఉన్నదే, ఆ ఫోన్ నా చేతిలోనే ఉంది, బాగానే పనిచేసేది, మధ్యలో ఎవరూ వేలు పెట్టలేదు అని ఒకరు సంతకం పెట్టి బాధ్యత తీసుకోవాలి. జిరాక్స్ మీద గెజిటెడ్ ఆఫీసర్ సంతకం అడుగుతారే, దానికి పెద్దన్న అనుకోండి.

దీని మీద సుప్రీంకోర్టే నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగింది. 2005లో పార్లమెంటు దాడి కేసులో, సర్టిఫికెట్ లేకపోయినా వేరే విధంగా రుజువు చేసుకోవచ్చంది. 2014లో అన్వర్ వర్సెస్ బషీర్ కేసులో అది తప్పు, సర్టిఫికెట్ ఉండాల్సిందే అంది. 2018లో షఫీ మహమ్మద్ కేసులో కొంచెం సడలించారు, 2020 జూలైలో అర్జున్ పండిత్‌రావు కేసులో ముగ్గురు జడ్జీలు కూర్చుని ఆ సడలింపు తీసేసి మళ్లీ 2014 మాటకే తెచ్చారు. ఇవన్నీ 1872 నాటి పాత సాక్ష్య చట్టంలోని 65బి మీద. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది, అందులో 65బి కాస్తా సెక్షన్ 63 అయింది. మీ చాట్ 2023దే అయినా దావా 2025లో వేశారు కాబట్టి మీకు కొత్త చట్టమే.

ఆ 2020 తీర్పులోనే మీకు పనికొచ్చేవి రెండున్నాయి. మొదటిది, అసలు ఫోన్‌నే దాని యజమాని కోర్టుకి తెచ్చి, బోనులోకి ఎక్కి, ఇది నాది, ఇందులోనే ఈ మెసేజ్‌లు వచ్చాయి అని చూపిస్తే సర్టిఫికెట్ అక్కర్లేదు, అదే అసలు సాక్ష్యం. కాబట్టి మీ హెడ్డింగ్‌లో వెటకారంగా రాసింది నిజానికి చట్టంలో ఉన్న దారే. కాకపోతే ఆ ఫోన్ కోర్టు తన దగ్గరే ఉంచుకోవచ్చు, రేపు అప్పీలుకి వెళ్తే పై కోర్టు వాళ్లు ఆ ఫోన్ చార్జింగ్ పెట్టుకుని చూడరు కదా, అందుకని ఫోన్ తెచ్చినా సర్టిఫికెట్ కూడా వేసుకోమని నేను చెప్తాను. రెండోది, సర్టిఫికెట్ దావాతో పాటే వేయలేదని కొంప మునగదు, విచారణ నడుస్తుండగా కోర్టు అనుమతితో తర్వాత కూడా వేయొచ్చు. మీ లాయర్ గారు ఒక ఐఏ (దావా మధ్యలో వేసే దరఖాస్తు) వేసి డాక్యుమెంట్లు తీసుకోమని అడగాలి, ఆలస్యానికి కారణం చెప్పాలి. అంతే.

కొత్త చట్టంలో మాత్రం ఒక బరువు పెరిగింది. సర్టిఫికెట్‌కి చట్టం వెనక షెడ్యూల్‌లో ఒక ఫారం ఇచ్చారు, రెండు భాగాలు. పార్ట్ ఏ మీరు నింపాలి, ఫోన్ కంపెనీ, మోడల్, రంగు, ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు), ఫైలు హ్యాష్ విలువ అన్నీ రాయాలి. పార్ట్ బి ఒక నిపుణుడు నింపాలి. ఆ నిపుణుడు ప్రభుత్వం నోటిఫై చేసిన ల్యాబే కావాలా, ప్రైవేటు ఫోరెన్సిక్ వాళ్లు చాలా అన్నదాని మీద ఇంకా వాదనలు నడుస్తున్నాయి, మీ కోర్టులో ఏది ఒప్పుకుంటున్నారో మీ లాయర్ గారికే తెలుస్తుంది.

ఇంకోటి, ఇది చాలామంది లాయర్లు కూడా క్లయింటుకి చెప్పరు. డాక్యుమెంట్ మార్క్ అవడం వేరు, రుజువవడం వేరు. ఏ1, ఏ2 అని నంబరు పడితే లోపలికి రానిచ్చారు అనే అర్థం. అందులో ఉన్నది నిజమా, రాసింది అతనేనా అన్నది తర్వాత తేలుతుంది. మీ జడ్జి గారు అభ్యంతరం రాసుకుని, దానికి లోబడి మార్క్ చేసి చివర్లో తేలుస్తాను అనొచ్చు కూడా, 2001లో బిపిన్ శాంతిలాల్ పంచాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి అదే, స్టాంపు డ్యూటీ అభ్యంతరం ఒక్కటే అప్పటికప్పుడు తేల్చమంది.

బ్యాంకు 3 లక్షలకి యాప్‌లోంచి డౌన్‌లోడ్ చేసిన పీడీఎఫ్ పెట్టి ఉంటే అది పక్కన పెట్టండి. బ్రాంచికి వెళ్లి బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం ప్రకారం సర్టిఫై చేసిన స్టేట్‌మెంట్ అడగండి, 1891 నాటి చట్టం, మేనేజర్లకు తెలిసిందే.

ఇక ఆ డిలీట్ సంగతి. అది చదివి టీ కప్పు కింద పెట్టాను. మీ ఫోన్‌లో తీసేస్తే అతని ఫోన్‌లో పోతాయనుకున్నారా? క్రాస్‌లో, అంటే అవతలివాళ్లు మిమ్మల్ని ప్రశ్నించేటప్పుడు, అతని లాయర్ పూర్తి చాట్ తీసి మీ చేతికిచ్చి, ఇవి మీరు పంపినవేనా అంటాడు. అవునంటే మీ సర్టిఫికెట్ అబద్ధం, కాదంటే మీరే అబద్ధం. పాత ఫోన్ బతికుందేమో ముందు చూడండి.


కొబ్బరాకు:

ఇంత రామాయణం ఎందుకు సార్, ఆ రోజే వంద రూపాయల ప్రోనోటు పుస్తకం కొని సంతకం పెట్టించుకుంటే అయిపోయేది. నోరు మూసుకుని డిక్రీ.


నల్లకోటు:

కొబ్బరాకు గారూ, ప్రోనోటు ఉంటే మంచిదే, సంతకం తేలితే డబ్బు ముట్టిందని చట్టమే అనుకుంటుంది, ఆ లాభం ఉంది. కానీ నోరు మూసుకుని డిక్రీ అనేది సినిమాల్లో. "ఆ సంతకం నాది కాదు" అని జవాబుదావాలో ఒక్క లైను రాస్తే చాలు, మళ్లీ ఇదే కథ. రాసిన లేఖరిని తెచ్చుకోవాలి, సాక్షి సంతకం పెట్టినాయన్ని తెచ్చుకోవాలి, ఆయనేమో ఈలోపు వియ్యంకుడై అటు పక్క చేరి ఉంటాడు. నిపుణుడికి పంపాలంటే అదే కాలంలో అతను పెట్టిన ఒప్పుకున్న సంతకాలు కావాలి, బ్యాంకు ఫారాలు, రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితాలు అలాంటివి. దావా పడ్డాక వకాలతు మీద, జవాబుదావా మీద పెట్టిన సంతకాలతో పోల్చడం నమ్మకం కాదని కోర్టులు చాలాసార్లు అన్నాయి, ఎందుకంటే అప్పటికే మనిషి చెయ్యి తిప్పి పెట్టడం మొదలెడతాడు. జడ్జి గారే కళ్లతో పోల్చి చూసే అధికారం సెక్షన్ 72లో ఉంది గానీ, అది ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పడానికి చాలామంది ఇష్టపడరు.

రెవెన్యూ స్టాంపు అంటించడం మర్చిపోయిన ప్రోనోటు అయితే ఇంకా ఘోరం. మిగతా కాగితాలకి పెనాల్టీ కట్టి లోపలికి తెచ్చుకోవచ్చు, ప్రోనోటుకి ఆ వెసులుబాటు కూడా లేదు.


సున్నా_ఒకటి:

లాయర్ గారు హ్యాష్ అని ఒక్క మాటలో తేల్చేశారు, నేను ఆ పనిలోనే ఉన్నాను కాబట్టి కాస్త చెప్తాను.

ఫైల్‌ని ఒక లెక్కలో వేస్తే బయటికి వచ్చే గుర్తు హ్యాష్. షా 256 అనే పద్ధతిలో అయితే 64 అక్షరాలూ అంకెలూ వస్తాయి. ఫైల్లో ఒక ఫుల్‌స్టాప్ చెరిపినా ఆ 64లో దాదాపు అన్నీ మారిపోతాయి. పేరు మారిస్తే మారదు, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే మారదు, లోపల ఉన్నది మారితేనే మారుతుంది. మీరు సర్టిఫికెట్‌లో ఆ నంబరు రాసి ఇస్తే, రెండేళ్ల తర్వాత అయినా ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో ఫైల్‌కి మళ్లీ లెక్క వేసి, అదే నంబరు వస్తే ఫైల్ అదే అని తేల్చొచ్చు.

మా బావ కేసులో ఏమైందో చెప్తాను. చాట్ ఎక్స్‌పోర్ట్ చేస్తే టెక్స్ట్ ఫైల్ వచ్చింది, హ్యాష్ తీశారు, సర్టిఫికెట్ టైపైంది. తర్వాత ఆఫీసులో ఎవరో ఆ ఫైల్ తెరిచి, ప్రింట్‌లో పేజీ చివర ఖాళీ లైన్లు వస్తున్నాయని రెండు లైన్లు తీసేసి సేవ్ కొట్టి, దాన్నే పెన్‌డ్రైవ్‌లో వేశారు. మెసేజ్‌లు ఒక్క అక్షరం మారలేదు. అవతలివాళ్లు లెక్క వేయించారు, కలవలేదు. సర్టిఫికెట్ మళ్లీ మొదటినుంచి చేయించుకోవాల్సి వచ్చింది, ఆ ఖాళీ లైన్ల ఖరీదు నాలుగు నెలలు. కాబట్టి హ్యాష్ తీశాక ఫైల్ ముట్టొద్దు, చూడాలంటే ఇంకో కాపీ చూసుకోండి. ఫొటోలు, వీడియోలు లాయర్ గారికి వాట్సాప్‌లో పంపొద్దు, అది సైజు తగ్గించి పంపుతుంది, మనకి అదే బొమ్మలా కనిపిస్తుంది గానీ లెక్కకి అది వేరే ఫైలు. కేబుల్ పెట్టి తీసుకోండి.

ఒక భ్రమ కూడా వదిలించుకోండి. హ్యాష్ ఉంటే నిజమని కాదు. అబద్ధానికి కూడా హ్యాష్ వస్తుంది, దానికీ అవే 64 అక్షరాలు. హ్యాష్ తీసినప్పటి నుంచి ఫైల్ మారలేదని మాత్రమే అది చెప్తుంది, అంతకు ముందు ఏం జరిగిందో దానికి తెలీదు. ఎక్స్‌పోర్ట్ చేసిన టెక్స్ట్ ఫైల్‌ని ఎవరైనా నోట్‌ప్యాడ్‌లో రాసుకోవచ్చు. అందుకే వెనకాల అసలు ఫోన్ ఉండాలి.

పెన్నాతీరం గారూ, మీ పాత ఫోన్ గురించి ఇది జాగ్రత్తగా చదవండి. డిస్‌ప్లే మార్పించి ఆన్ చేసే ముందు మీ ఇంట్లో వైఫై రౌటర్ ఆపేయండి, సిమ్ వేయొద్దు, షాపువాడికి కూడా నెట్ తగలనివ్వొద్దని చెప్పండి. మీ నంబరు ఇప్పుడు కొత్త ఫోన్‌లో ఉంది. పాత ఫోన్‌కి నెట్ తగిలిన మరుక్షణం వాట్సాప్ ఈ నంబరు వేరే ఫోన్‌లో ఉంది అని బయటికి తోసేస్తుంది, అప్పుడు చాట్ చూడాలంటే మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి, అక్కణ్నుంచి అన్నీ ప్రశ్నలే. నెట్ లేకుండా తెరిస్తే పాత చాట్ అలాగే కనిపించే అవకాశం ఎక్కువ. వచ్చిన వెంటనే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఏమీ ఎక్స్‌పోర్ట్ చేయకండి, ఏమీ డిలీట్ చేయకండి (దండం పెడతాను), తీసే పని పార్ట్ బి సంతకం పెట్టబోయే నిపుణుడికి వదిలేయండి.


పాతబాకీ:

నాది అయిపోయిన కేసు. సర్టిఫికెట్ ఉంది, చాట్ మార్క్ అయింది, అయినా ఆ చాట్ నాకు పైసా ఇప్పించలేదు. ఎందుకో చెప్తే మీకు పనికొస్తుంది.

నా ఫోన్‌లో అతని నంబరు "తమ్ముడు" అని సేవ్ చేసుకున్నాను. స్క్రీన్‌షాట్ పైన నంబరు రాదు కదా, సేవ్ చేసిన పేరే వస్తుంది. క్రాస్‌లో అవతలి లాయర్ చాలా మర్యాదగా అడిగాడు. ప్రతివాది మీకు తమ్ముడవుతాడా? కాదండీ, అలా పిలుస్తాను. మీకు సొంత తమ్ముడు ఉన్నాడా? ఉన్నాడండీ. మరి ఈ చాట్ ఏ తమ్ముడితోదో ఇందులో ఎక్కడుందో చూపిస్తారా? పేజీలు తిప్పాను. ఎక్కడా లేదు. కోర్టు హాల్లో ఫ్యాన్ చప్పుడు కూడా వినిపించింది నాకు.

తర్వాత టెలికం కంపెనీకి సమన్లు వేయించి ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉందో తెప్పిస్తే అతని భార్య పేరు మీద ఉంది. ఆవిడ సాక్ష్యానికి వచ్చి "ఆ ఫోన్ ఇంట్లో అందరం వాడతాం" అంది. ఐపోయింది. బ్యాంకులో వేసినంత వరకు డిక్రీ వచ్చింది, చేతికిచ్చింది పోయింది.

కాబట్టి ఆ నంబరు అతనిదే అని చెప్పే కాగితం ఇంకోటి వెతకండి. యూపీఐ ఆ నంబరుకే పంపారా? అతను ఎక్కడైనా ఆ నంబరు రాసి సంతకం పెట్టాడా, లీజు కాగితమో, సొసైటీ ఫారమో, ఆఫీసు రిజిస్టరో? అదే నంబరు నుంచి మీ ఇద్దరికీ తెలిసిన మూడో మనిషికి కూడా మెసేజ్‌లు వచ్చాయా?

ఇంకో మాట, తప్పుగా అనుకోకండి. ఆ వాయిస్ మెసేజ్‌లో "నాలుగున్నర గుర్తుంది" అంటాడు అన్నారు. నేను అవతలి లాయర్‌ని అయితే, నాలుగున్నర ఏంటండీ, లక్షలా, గంటలా? ఆ రోజు సాయంత్రం నాలుగున్నరకి కలుద్దాం అనుకున్నారేమో? అంటాను. దాని పైన మీరు ఏం అడిగారో ఉందా?


వేపపూత:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా తమ్ముడి విడాకుల కేసులో అతని భార్య మాట్లాడినవి తెలీకుండా రికార్డ్ చేశాడు, అది చెల్లుతుందా? ప్రైవసీ అని కొట్టేస్తారంటున్నారు.


నల్లకోటు:

వేపపూత గారూ, దీనికి వేరే థ్రెడ్ తెరిస్తే బాగుండేది, క్లుప్తంగా చెప్తాను. భార్యాభర్తల మధ్య కేసులో అలాంటి రికార్డింగ్‌ని సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో విభోర్ గార్గ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫ్యామిలీ కోర్టుకి సాక్ష్యం నియమాల విషయంలో కొంచెం స్వేచ్ఛ కూడా ఉంది. అంటే తలుపు తెరిచారు, అంతే. గొంతు ఆవిడదే అని, కత్తిరించలేదని, ముందూ వెనకా ఏం మాట్లాడారో అని మీ తమ్ముడు రుజువు చేసుకోవాల్సిందే. టేపులకి ఏమేం చూడాలో 1985లో రామ్ సింగ్ కేసులోనే చెప్పారు, గొంతు గుర్తుపట్టాలి, తారుమారు కాలేదని తేలాలి, భద్రంగా ఉంచి ఉండాలి, స్పష్టంగా వినపడాలి. క్యాసెట్ పోయి ఫోన్ వచ్చినా అడిగేవి అవే.

పాతబాకీ గారు అడిగిన గంటలా లక్షలా ప్రశ్నకి పెన్నాతీరం గారు జవాబు చెప్పాలి. నాకూ అదే అనుమానం వచ్చింది.


పెన్నాతీరం:

ఐదు రోజుల తర్వాత వస్తున్నాను, క్షమించండి. సున్నా_ఒకటి గారూ, మీరు చెప్పినట్టే చేశాను, రౌటర్ ప్లగ్ పీకేసి మరీ బీరువా తెరిచాను. రిపేరు షాపులో రెండు గంటలు స్టూలు మీద అతని చేతులకేసి చూస్తూ కూర్చున్నాను, అతనికి చిరాకేసి "దీంట్లో ఏముంది సార్ అంత" అన్నాడు. ఫోన్ ఆన్ అయింది. ఫ్లైట్ మోడ్. వాట్సాప్ తెరిస్తే చాట్ మొత్తం ఉంది, నేను కొత్త ఫోన్‌లో తీసేసినవి కూడా.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. పాతబాకీ గారు అడిగాక కొత్త ఫోన్‌లో ఆ వాయిస్ మెసేజ్ దగ్గరికెళ్లి పైన చూశాను. దాని పైన మూడు రోజుల ముందుది "అన్నా బిజీగా ఉన్నా" అని అతని మెసేజ్. మధ్యలో ఏమీ లేదు. నాలుగున్నర అన్నది గాల్లోంచి ఊడిపడ్డట్టుంది. పాత ఫోన్‌లో చూస్తే ఆ వాయిస్‌కి సరిగ్గా ఆరు నిమిషాల ముందు నేను పంపిన మెసేజ్ ఉంది. మొదటి లైను ఇక్కడ రాయలేను, వాళ్ల అమ్మగారి ప్రస్తావన ఉంది. రెండో లైను ఇది: "మూడు బ్యాంకులో వేశా, ఒకటిన్నర నీ చేతిలో పెట్టా, మొత్తం నాలుగున్నర లక్షలు తిని ఫోన్ ఎత్తవా." దాని కింద అతని వాయిస్, "నాలుగున్నర గుర్తుందన్నా, నేనెక్కడికీ పోను."

అంటే పరువు కోసమని నేను చెరిపేసుకున్నదే నా కేసు. మా ఆవిడ అయితే నవ్వాలో ఏడవాలో తెలీక వంటింట్లోకి వెళ్లిపోయింది.

నంబరు సంగతి కొంచెం నయం. సిమ్ అతని పేరు మీదే ఉందో లేదో తెలీదు గానీ, నేను 3 లక్షలు పంపాక ఒక ఐదు వేలు అతను అదే నంబరు యూపీఐతో నాకు తిరిగి పంపాడు, అది అతని ఖాతా నుంచే వచ్చినట్టు స్టేట్‌మెంట్‌లో పేరుతో సహా ఉంది. ఇప్పుడు ప్రశ్న ఏంటంటే, ముందు ఫైల్ చేసిన 22 పేజీల్లో ఈ మెసేజ్‌లు లేవు కదా. ఇప్పుడు పూర్తి చాట్ పెడితే తేడా కనిపిస్తుంది. పాతవి వెనక్కి తీసుకోవచ్చా? తిట్టు వరకు నల్ల గీత కొట్టి పెట్టొచ్చా?


నల్లకోటు:

గీత కొట్టొద్దు. గీత కింద ఏముందో అన్న ఆలోచన జడ్జి గారికి వస్తే అది మీరు రాసిన తిట్టు కన్నా పెద్దదే వస్తుంది. పాత 22 పేజీలు ఇంకా మార్క్ అవలేదు కాబట్టి వాటి మీద పట్టుబట్టకండి. ఐఏతో పాటు వేసే అఫిడవిట్‌లో మీరే చెప్పేయండి: ఫలానా తేదీన కొత్త ఫోన్‌లో నేను కోపంగా రాసిన కొన్ని మెసేజ్‌లు తీసేశాను, ముందు వేసిన ప్రింట్లు ఆ ఫోన్ నుంచి తీసినవి, అసలు ఫోన్ ఇప్పుడు బాగు చేయించాను, పూర్తి చాట్ ఇదీ అని. క్రాస్‌లో లాగితే బయటపడ్డ మాటకీ, ముందే మీ నోటితో చెప్పిన మాటకీ చాలా తేడా ఉంటుంది. ఈ డిలీట్ సంగతి మీ లాయర్ గారికి చెప్పారా అసలు? ముందు ఆయనకి చెప్పండి, నాకు కాదు.

రిపేరు షాపు బిల్లు జాగ్రత్త. డిస్‌ప్లే ఒక్కటే మార్చారని, ఇంకేదీ ముట్టలేదని అది చెప్తుంది. ఫోన్ పనిచేయకుండా బీరువాలో ఎన్నాళ్లు ఉందో, ఎప్పుడు ఆన్ చేశారో ఒక కాగితం మీద తేదీలతో రాసిపెట్టుకోండి, సర్టిఫికెట్ నింపేటప్పుడు ఇవే అడుగుతారు, ఆర్నెల్ల తర్వాత క్రాస్‌లో కూడా ఇవే అడుగుతారు.

గొంతు విషయంలో, అతన్ని బాగా ఎరిగిన ఇంకో సహోద్యోగి ఎవరైనా వచ్చి ఇది అతని గొంతే అంటే బలం. మీరొక్కరే అంటే మీ మాటే మళ్లీ మీరు చెప్పినట్టు. అతను కాదని గట్టిగా నిలబడితే ల్యాబ్‌కి పంపమని అడగొచ్చు, ఆ ఖర్చూ ఆలస్యమూ లెక్కలో వేసుకుని అడగండి. వాయిస్‌ని మాటల్లోకి రాసి కాగితం కూడా జతచేయండి, అన్నది అన్నట్టే, బాగు చేసి రాయకండి.

3 లక్షల ట్రాన్స్‌ఫర్ చీటీ బాకీ అన్నాడు కదా, మరి అందులోంచి 5 వేలు అతనెందుకు తిరిగి పంపినట్టు? ఆ ప్రశ్న మీ లాయర్ గారు అతని క్రాస్‌కి దాచుకుంటే మంచిది. అతను ఈ థ్రెడ్ చదవడు అనుకుందాం.


పాతబాకీ:

ఆ ఐదు వేల ఎంట్రీ బంగారం అండీ. నాకు అలాంటిదొకటి ఉండుంటేనా.


పెన్నాతీరం:

మా లాయర్ గారికి అంతా చెప్పాను. మొదట రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఆ మెసేజ్ తన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "ఇది ముందే ఇచ్చుంటే నాకు ఈ గొడవే లేదు కదయ్యా" అన్నారు. ఐఏ టైపవుతోంది. నిపుణుడి దగ్గరికి వచ్చే వారం ఫోన్ తీసుకెళ్తున్నాం. మా ఆఫీసులో ఒకాయన గొంతు గుర్తుపడతానని వస్తానన్నాడు, వాయిదా రోజు దాకా ఆ మాట మీద ఉంటే చాలు.

ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆ మొదటి లైను బోనులో నన్నే పైకి చదవమంటారా?


నల్లకోటు:

అవతలి లాయర్ తప్పకుండా చదివిస్తాడు, మీరు కోపిష్టి అని చూపించడానికి. చదవండి. కానీ అక్కడితో ఆపనివ్వకండి, ఆ మెసేజ్ పూర్తిగా చదువుతానని చెప్పి రెండో లైను కూడా చదవండి.


పెన్నాతీరం:

సరే సార్. ఫోన్ ఇప్పుడు స్విచాఫ్‌లో, కవర్లో, కవర్ బీరువాలో ఉంది. తాళంచెవి మా ఆవిడ దగ్గర, నా మీద నమ్మకం లేదట.